కుట్టుపిట్టను గుర్తుపట్టారా?



వానాకాలం పొద్దున్నే స్కూల్ బస్సు కోసం గేటు దగ్గర నిలబడినప్పుడు, పక్క జామచెట్టులోంచి "టుయిక్ టుయిక్ టుయిక్" అని ఎక్కం వల్లెవేసినట్టు ఆగకుండా వినిపించే అరుపు మీకు తెలిసే ఉంటుంది. ఆ గొంతు విని పిల్లలు పెద్ద పక్షి కోసం వెతుకుతారు. కానీ అరిచేది తోకతో కలిపి 13 సెంటీమీటర్లు ఉండే కుట్టుపిట్ట. బరువు 10 గ్రాములకు మించదు.

నుదురు తుప్పురంగు, వీపు ఆకుపచ్చ, పొట్ట మాసిన తెలుపు. తోక ఎప్పుడూ పైకి నిక్కి ఉంటుంది. గూడు కట్టే కాలంలో మగపిట్ట తోకలో మధ్య ఈకలు పొడవుగా పెరుగుతాయి. అరిచేటప్పుడు మెడకు రెండువైపులా నల్లటి మచ్చ కనిపిస్తే అది వేరే పక్షి అనుకోకండి. గొంతు సాగినప్పుడు ఈకల మధ్య బయటపడే చర్మం అది. ఆడ తేనెపిట్ట కూడా ఇంతే ఉంటుంది కాబట్టి పొరబడే అవకాశం ఉంది. దాని ముక్కు కొడవలిలా వంగి ఉంటుంది, పొట్ట పసుపు.

పిల్లల ప్రాజెక్టు చార్టుల్లో మాకు తరచూ కనిపించే తప్పు ఇంకొకటి: కుట్టుపిట్ట బొమ్మ కింద గిజిగాడి గూడు అంటించడం! గిజిగాడు గడ్డిపోచలతో అల్లుతుంది, ఈత చెట్లకు గుంపులుగా వేలాడదీస్తుంది. కుట్టుపిట్ట నిజంగానే కుడుతుంది. ఆడపిట్ట ఆకు అంచుల్లో ముక్కుతో చిల్లులు పొడిచి, దూది, సాలెగూటి దారం, నార వాటిలోంచి లాగుతుంది. ముడి వేయదు. బయటికొచ్చిన దారం కొస కుచ్చులా విచ్చుకుని జారిపోకుండా పట్టేస్తుంది. ఆకును తెంపదు కాబట్టి అది పచ్చగానే ఉంటుంది. అడుగు దూరం నుంచి చూసినా మామూలు ఆకులాగే ఉంటుంది. రడ్యార్డ్ కిప్లింగ్ 1894 నాటి 'జంగిల్ బుక్'లో ముంగిస కథ చదివిన పిల్లలకు దర్జీ గుర్తుండే ఉంటాడు, ఆ పాత్ర ఈ పిట్టే.

ఆ కనిపించకపోవడం వల్లే నా చేత ఒక తప్పు జరిగింది. రెండేళ్ల క్రితం జులైలో మా పెరటి జామకొమ్మ దారికి అడ్డొస్తోందని కత్తిరించాను. కింద పడ్డాక చూస్తే రెండాకులు కలిపి కుట్టిన సంచి, లోపల దూది మీద మూడు గుడ్లు. కొమ్మను తాడుతో చెట్టుకే కట్టాను. ఆకులు రెండు రోజుల్లో వాడిపోయాయి. పిట్టలు రాలేదు. మా అబ్బాయి నాతో ఆ రోజంతా మాట్లాడలేదు.

ఇవి ఎక్కువగా గూళ్లు పెట్టేది జూన్ నుంచి ఆగస్టు వరకు. మనం మొక్కలు కత్తిరించేదీ అప్పుడే. కత్తెర పట్టేముందు జామ, అత్తి, వంగ లాంటి వెడల్పాటి ఆకుల అడుగున ఒకసారి చూడండి. తోటమాలికీ చెప్పండి. గూడు కనిపిస్తే పొదగడానికి సుమారు 12 రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు, అంటే నెలపాటు ఆ కొమ్మను వదిలేస్తే చాలు. ఆకులు విప్పి ఫోటో తీయొద్దు. ఫోన్‌లో దాని అరుపు పదేపదే వినిపించొద్దు. ఇంకో పిట్ట వచ్చిందనుకుని గూడు వదిలి దాని కోసం వెతుకుతుంది.

ఈ ఆదివారం పొద్దున మీ చిన్నారితో పది నిమిషాలు చెట్టుకు దూరంగా కూర్చోండి. ముందు అరుపు వినాలి, తర్వాత కొమ్మ వెతకాలి. నుదురు రంగు, తోక తీరు, నోట్లో ఏం పట్టుకొచ్చింది, ఈ మూడూ నోట్‌బుక్‌లో రాశాకే పక్షుల యాప్ తెరవనివ్వండి.