పాత ఫోర్‌వీల్ పికప్‌కు పవర్ స్టీరింగ్: వేయించే ముందు చూసుకోవాల్సినవి

ఈసారి పాఠం పురుగు గురించి కాదు, బండి గురించి. గుడ్లు తెచ్చుకోవాలన్నా, మద్ది చెట్ల కాడికి మనుషుల్ని, సామాన్లను చేర్చాలన్నా, కాయలు దించుకొని చెన్నూరు వైపో మహదేవ్‌పూర్ వైపో పోవాలన్నా మన సిరొంచ తాలూకాలో చాలామందికి పాత ఫోర్‌వీల్ పికప్పే దిక్కు. వానాకాలంలో ఆలాపల్లి రోడ్డు సంగతి మీకు చెప్పక్కర్లేదు. రోడ్డు దిగి అడవి బాటలో పడితే, వాగు ఇసుకలో స్టీరింగ్ తిప్పడానికి ఇద్దరి బలం కావాలి.

మా గుంపులో బండి నడిపే పెద్దాయనకు రెండేళ్లుగా కుడి భుజం లేవడం లేదు. లైసెన్స్ ఉన్న ఇద్దరు ఆడబిడ్డలు ఉన్నారు. తారు రోడ్డు మీద బాగానే నడుపుతరు, వాగు దగ్గరికి రాగానే దిగిపోతరు. గుడ్లు తెచ్చే రోజు బండి దారిలో ఆగితే ఏమవుతుందో మనకందరికీ తెలుసు. ఎండ తగిలితే గుడ్లు పాడవుతయి, ఆలస్యమైతే దారిలోనే పురుగు పగిలి ఆకు కోసం ఎగబాకుతుంది. అందుకే కిందటి వేసవిలో, పంట మొదలు కాకముందే, మా రెండు బండ్లనూ విప్పి చూపించినం. ఒకదానికి పవర్ స్టీరింగ్ వేయించినం. రెండోదానికి అవసరమే రాలేదు. ఎందుకు రాలేదో ముందు చెప్తం.

స్టీరింగ్ బరువుగా ఉందంటే వెంటనే పవర్ స్టీరింగ్ అనుకోవద్దు. జాకీ పెట్టి ముందు చక్రాలు రెండూ నేల మీంచి లేపండి. ఇప్పుడు స్టీరింగ్ తిప్పండి. చక్రాలు గాలిలో ఉన్నా బరువుగానే ఉంటే తప్పు కింగ్ పిన్ బేరింగుల్లోనో, టై రాడ్ ఎండ్‌లలోనో, స్టీరింగ్ బాక్స్‌లోనో ఉంటుంది. మా రెండో బండిలో కింగ్ పిన్ బేరింగులు నీళ్లు పోయి తుప్పు పట్టి గింజలు గింజలుగా ఊడొచ్చినయి. వాగులు దాటే బండికి ఇది మామూలే. బేరింగులు, సీళ్లు మార్చి, గ్రీజు పెట్టి, టైర్లలో గాలి సరిచేస్తే స్టీరింగ్ సగం తేలికైంది. ఈ పని చేయకుండా పవర్ స్టీరింగ్ వేస్తే ఇంకా ప్రమాదం. ఆయిల్ ఒత్తిడి బిగుసుకున్న బేరింగును బలవంతంగా తిప్పుతుంది, మన చేతికి మాత్రం ఆ తేడా తెలవదు.

ఇంకొకటి. తారు రోడ్డు మీద ఫోర్‌వీల్ లివర్ వేసి ఉంచుతున్నరేమో చూడండి. మలుపులో ముందు చక్రాలు తిరిగే దూరం, వెనక చక్రాలు తిరిగే దూరం ఒకటి కాదు. మట్టిలో అయితే చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది. గట్టి రోడ్డు మీద సర్దుకునే దారి లేక స్టీరింగ్ బిగుస్తుంది, గేర్లూ అరుగుతయి. వాగు దాటినంక లివర్ తీయండి. పైసా ఖర్చు లేని మరమ్మతు ఇది.

ఇవన్నీ అయినా, చక్రాలు నేల మీద ఉన్నప్పుడు మాత్రమే బరువుంటే, అప్పుడు పవర్ స్టీరింగ్ మాట. అది మన కాయల బరువేం కాదు. కాయలు బుట్టలు నిండుగా కనబడతయి గానీ తేలిక, పైగా వెనక ఉంటయి. ముందు చక్రాల మీద కూర్చునేది డీజిల్ ఇంజిన్, దాని కింద ఫోర్‌వీల్ యాక్సిల్. అసలు పవర్ స్టీరింగ్ ఆలోచన పుట్టింది కూడా లారీల బాధలోంచే. అమెరికాలో పియర్స్ యారో కంపెనీ లారీల విభాగంలో పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజినీరు 1920లలో దాన్ని చేసి చూపించిండు. అమ్మకానికి వచ్చిన కారులో అది కనబడింది మాత్రం 1951లో, క్రైస్లర్ వాళ్ల ఇంపీరియల్‌లో.

పని చేసే తీరు అర్థమైతే మిస్త్రీని సరిగ్గా అడగొచ్చు. ఇంజిన్ బెల్టుతో ఒక పంపు తిరుగుతుంది. అది డబ్బాలోని ఆయిల్‌ను గట్టి పైపు గుండా స్టీరింగ్ బాక్స్‌కు నెడుతుంది. బాక్స్‌లో స్టీరింగ్ రాడ్ కింద ఒక సన్నని ఉక్కు కడ్డీ ఉంటుంది. మనం తిప్పగానే అది కొంచెం మెలిపడుతుంది. ఆ మెలికతో వాల్వు తెరుచుకొని, మనం తిప్పిన వైపే ఆయిల్ పిస్టన్‌ను తోస్తుంది. చేయి ఆపితే కడ్డీ సర్దుకుంటుంది, తోపుడు ఆగుతుంది. ఆయిల్ తక్కువ ఒత్తిడి పైపులో తిరిగి డబ్బాకు వస్తుంది. ఆయిల్ లేకున్నా లోపలి పళ్లు చక్రానికి కలిసే ఉంటయి కాబట్టి బండి తిరుగుతుంది, కానీ బాగా బరువుగా. ఈ మాట గుర్తు పెట్టుకోండి, కింద మళ్లీ వస్తది.

సామాను కొనేటప్పుడు ముక్కలు ముక్కలుగా కొనొద్దు. మీ ఇంజిన్ రకమే ఉండి, కంపెనీ నుంచే పవర్ స్టీరింగ్‌తో వచ్చిన తర్వాతి మోడల్ బండి ఒకటి వెతికి, దాని సెట్టు మొత్తం తీసుకోండి: బాక్స్, డ్రాప్ ఆర్మ్, పంపు, పంపు బ్రాకెట్, పుల్లీ, ఆయిల్ డబ్బా, రెండు పైపులు, స్టీరింగ్ కింది రాడ్డు, దాని జాయింట్లు. బాక్స్ ఒక బండిది, డ్రాప్ ఆర్మ్ ఇంకో బండిది అయితే లోపలి పళ్లు కలవవు. కలవని దాన్ని కొట్టి కూర్చోబెట్టే మిస్త్రీలు ఉన్నరు. అలాంటి చోట బండి వదలొద్దు. ఎడమ స్టీరింగ్ బండి బాక్స్ చవగ్గా దొరికిందని తేవద్దు, ఆర్మ్ తిరిగే దిక్కు మారితే స్టీరింగ్ ఒక వైపు, చక్రం ఇంకో వైపు. ధర ఇక్కడ రాయడం లేదు. పాత సామాను ధర రోజుకో తీరు ఉంటుంది, కనీసం మూడు చోట్ల అడగండి. చిన్న కార్ల ఎలక్ట్రిక్ స్టీరింగ్ మోటారు వేస్తామని కొందరు చెప్తరు. అది చిన్న కారు ముందు బరువుకు కట్టిన మోటారు. డీజిల్ ఫోర్‌వీల్ పికప్‌కు, అదీ వాగు నీళ్లలో దిగే బండికి, మా లెక్కలో వద్దు.

ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చే చోటు, బాక్స్‌ను ఛాసిస్‌కు బిగించడం. పవర్ బాక్స్ తోసే బలం పాత బాక్స్ కంటే చాలా ఎక్కువ. ఇన్నాళ్లూ మన చేతి బలం మోసిన ఛాసిస్ రేకు ఇప్పుడు పంపు బలం మోయాలి. పాత బండ్లకు బాక్స్ బోల్టుల చుట్టూ సన్నని పగుళ్లు ఉంటయి. మట్టి, తుప్పు గీకి, వెలుతురులో చూడండి. పగులుంటే దాన్ని సరిచేసి, పైన మందం ప్లేటు వేసి బలపరచాలి. డబ్బా ఆకారం ఛాసిస్ అయితే బోల్టు బిగిస్తే రేకు లోపలికి నొక్కుకుపోతుంది, అందుకే బోల్టు చుట్టూ లోపల ఇనుప గొట్టం ముక్క వేయించాలి. బోల్టుల తల మీద 8.8 గానీ 10.9 గానీ అంకె ఉండాలి. ఏ అంకె లేని బోల్టు ట్రాలీకి వాడుకోండి, స్టీరింగ్‌కు వద్దు. డ్రాప్ ఆర్మ్, డ్రాగ్ లింక్, టై రాడ్ వీటిని కాల్చి వంచడం, కోసి వెల్డింగ్ పెట్టడం ఎవరు చేస్తామన్నా ఒప్పుకోవద్దు. పొడవు చాలకపోతే సరైన పొడవుది కొత్తది కొనాలి. జాయింట్ల నట్లకు స్ప్లిట్ పిన్ను కొత్తది వేశారో లేదో మీరే వంగి చూడండి.

బాక్స్ బిగించే ముందు దాన్ని ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పి ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సగం దగ్గర ఆపాలి. చక్రాలు నేరుగా ఉంచి అప్పుడు డ్రాప్ ఆర్మ్ ఎక్కించాలి. నడిమధ్య తప్పితే ఒక వైపు మలుపు తక్కువైతది. అలాగే చక్రం పూర్తిగా తిరిగినప్పుడు ఆపేది యాక్సిల్ మీది స్టాపర్ బోల్టు కావాలి, బాక్స్ లోపలి చివర కాదు. డ్రాగ్ లింక్ రెండు కొసలు పాత ఎత్తుల్లోనే ఉండాలి. లేకుంటే గుంతలో కమాన్ పట్టీలు లేచి పడ్డప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే గుంజుతుంది. పంపు పుల్లీ, ఇంజిన్ పుల్లీ ఒకే గీతలో ఉన్నయో లేదో దారం పట్టి చూడండి.

ఆయిల్ పోసినంక గాలి తీయాలి. ముందు చక్రాలు లేపి, ఇంజిన్ ఆపి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా పది ఇరవై సార్లు తిప్పుతూ ఆయిల్ నింపుతూ ఉండాలి. బుడగలు ఆగినంకనే ఇంజిన్ స్టార్ట్. ఆయిల్ నురగగా ఉంటే పంపు కేక పెడుతుంది. నడిపేటప్పుడు స్టీరింగ్‌ను చివరకు తిప్పి అక్కడే గట్టిగా పట్టి ఉంచొద్దు, ఆయిల్ మరిగి పంపు పోతుంది. వాగులో ఇరుక్కున్నప్పుడు మనం చేసేది సరిగ్గా ఇదే, కాబట్టి డ్రైవర్లకు ముందే చెప్పండి.

డీజిల్ ఆదా అని దిగుడులో ఇంజిన్ ఆపి బండి జార్చే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. పవర్ స్టీరింగ్ వేయించిన రోజు నుంచి అది పూర్తిగా మానాలి. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది. పవర్ బాక్స్‌కు చుట్లు తక్కువ కాబట్టి, పంపు లేకుంటే పాత స్టీరింగ్ కంటే కూడా బరువుగా ఉంటది. బ్రేకుకు సాయం చేసే వాక్యూం కూడా ఇంజిన్‌దే. రెండూ ఒకేసారి పోతయి. మా పెద్దాయన ఈ ఒక్క విషయంలో నెల రోజులు గొణిగిండు, ఇప్పుడు అలవాటైంది.

కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసి ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏడాదికోసారి ఫిట్‌నెస్ ఉంది కాబట్టి, పని మొదలుపెట్టకముందే గడ్చిరోలి ఆర్టీఓ ఆఫీసులో అడిగి, ఇన్సూరెన్స్ వాళ్లకు రాసి ఇవ్వండి. పోయి రావడానికి ఒక రోజు పడుతుంది, పడనీయండి. సామాను బిల్లులు దాచుకోండి.

వేయించినంక మొదటి వంద కిలోమీటర్లకు అన్ని బోల్టులు మళ్లీ బిగించాలి. ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ ఊపితే ఇంకొకరు కింద పడుకొని బాక్స్ ఛాసిస్ మీద కదులుతుందేమో చూడాలి. వెంట్రుకవాసి కదిలినా బండి బయటికి తీయొద్దు. గుడ్లు తెచ్చే ముందు రోజు ఆయిల్ డబ్బా, పైపుల జాయింట్లు చూసుకోండి. కారిన ఆయిల్ చేతులతో గుడ్ల డబ్బాలు ముట్టొద్దు.

మీ బండికి కుదురుతుందో లేదో అడగాలనుకునేవాళ్లు మూడు ఫొటోలు గ్రూపులో పెట్టండి: ముందు యాక్సిల్ కింది నుంచి, స్టీరింగ్ బాక్స్ ఛాసిస్‌కు బిగించిన చోటు, ఇంజిన్ బెల్టుల వైపు. ఆదివారం సాయంత్రం కూర్చొని చూసి జవాబు చెప్తం.