కొండ ఎక్కే ముందు లెక్క
(హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కు బడ్జెట్ వేసుకోవడం ఎలా?)



వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు కామర్స్ పాఠం ఏదైనా రాద్దామనుకున్నాను. నేను ఎం.కాం. చదువుతున్నాను. మా నాన్న వన్‌టౌన్‌లో ముఠా కూలీ. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి నేనే. అయితే మొన్న భవానీపురం వచ్చినప్పుడు ఇంటర్ తమ్ముళ్లు నా ఫోన్‌లో మంచుకొండ ఫొటోలు చూసి, "అన్నా, ఎంతవుద్ది?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం. ఇదీ కామర్స్ పాఠమే.

మనలాంటి వాళ్లకు కొండలెందుకు?

ఈ మాట నన్ను చాలామంది అడిగారు. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. 2022లో ఆమె ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలనూ ఎక్కడం పూర్తిచేసింది. మన నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు 2006లో ఆ ఏడు శిఖరాలనూ 172 రోజుల్లో ఎక్కాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణం విడిచాడు. కాబట్టి కొండ మనది కాదనడానికి లేదు. అలాగని కొండతో ఆటలాడటానికీ లేదు.

పూర్ణ, ఆనంద్ నేరుగా ఎవరెస్ట్‌కు వెళ్లలేదని గుర్తుంచుకోండి. ముందు భువనగిరి కోట బండపై, తర్వాత డార్జిలింగ్‌లో, ఆ తర్వాత లడఖ్ చలిలో శిక్షణ పొందారు. వారి ఖర్చు ప్రభుత్వం భరించింది. మన ఖర్చు మనమే భరించాలి కనుక మనం చిన్న కొండతో మొదలుపెట్టాలి. నేపాల్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కాలంటే వసంతకాలంలో విదేశీయులు కట్టే పర్మిట్ రుసుమే 2025 సెప్టెంబరు నుంచి 15,000 డాలర్లు. అంతకు ముందు అది 11,000. ఆ దారి మనకిప్పుడు కాదు.

నేను చేసిన తప్పు

నేను ఎంచుకున్నది ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ. ఎత్తు సుమారు 3,800 మీటర్లు. డెహ్రాడూన్ నుంచి సుమారు 200 కిలోమీటర్లు జీపులో వెళితే సాంక్రీ అనే ఊరు వస్తుంది. నడక అక్కడి నుంచే మొదలు.

డిగ్రీ అయిన ఏడాది ట్యూషన్లు చెప్పి 16,000 కూడబెట్టాను. ప్రకటనలో రుసుము చూశాను, రైలు చార్జీ కలిపాను, సరిపోయిందనుకుని బయలుదేరాను. బూట్లు, చలి బట్టలు అద్దెకు తీసుకునేసరికి సాంక్రీలో నా జేబులో 700 రూపాయలు మిగిలాయి.

రెండో రాత్రి, 3,400 మీటర్ల దగ్గర, తల పగిలిపోయే నొప్పి మొదలైంది. అన్నం సయించలేదు. గైడుకు చెప్పలేదు. ఎందుకంటే కిందికి దింపితే డెహ్రాడూన్‌కు జీపు నేనొక్కడినే మాట్లాడుకోవాలి. ఆ డబ్బు నా దగ్గర లేదు. పైగా కట్టిన డబ్బు పోతుందన్న బాధ. పొద్దున్నే నా నడక తూలడం చూసి గైడే పట్టుకున్నాడు. మాట వినకుండా సహాయకుణ్ణి తోడిచ్చి దింపేశాడు. దిగేకొద్దీ నొప్పి తగ్గింది. సాంక్రీ నుంచి ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఒకటే మాట అంది: "డబ్బు సంగతి తర్వాత చూద్దాం, ముందు నువ్వు దిగిరా నాయనా." డ్వాక్రా వాయిదాకు దాచిన 3,000 పంపింది. ఆ నెల వాయిదా ఎలా కట్టిందో నేను చాలా రోజులకు గానీ తెలుసుకోలేదు.

ఇందులో తప్పు కొండది కాదు, గైడుదీ కాదు. నా లెక్కది. ఎక్కడానికి మాత్రమే డబ్బు పెట్టుకున్నాను, దిగడానికి పెట్టుకోలేదు.

ఎత్తుకూ, డబ్బుకూ సంబంధం

మన విజయవాడ సముద్ర మట్టానికి ముప్పై మీటర్ల లోపే ఉంది. 3,400 మీటర్ల దగ్గర గాలి పీడనం ఇక్కడి దానిలో దాదాపు మూడింట రెండు వంతులే. 5,500 మీటర్ల దగ్గర సగమే. అంటే ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గుతుంది. శరీరం అలవాటు పడటానికి రోజులు పడుతుంది. సాధారణంగా 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం వస్తే దాన్ని ఎత్తు జబ్బుగానే అనుకోవాలి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకొకసారి విశ్రాంతి ఉండాలనీ వైద్యులు చెబుతారు. లక్షణాలుంటే పైకి వెళ్లకూడదు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా వెంటనే దిగాలి.

కాబట్టి తక్కువ రోజుల్లో, తక్కువ డబ్బుకు ఎక్కిస్తామనేది ఎప్పుడూ చవక కాదు. తగ్గించిన రోజు మన ఊపిరిలో నుంచే తగ్గుతుంది.

రెండోసారి వేసిన లెక్క

ఇది నేను రాసుకున్న పట్టిక. ధరలు మారుతుంటాయి. మీరు వెళ్లేటప్పుడు అంకెలు మార్చుకోండి, పద్దులు మాత్రం తీసెయ్యకండి.

1. ట్రెక్ రుసుము (గైడ్, భోజనం, టెంటు, అటవీ పర్మిట్) – 9,500
2. దానిపై జీఎస్టీ 5 శాతం – 475
3. రైలు, స్లీపర్ క్లాసు, ఢిల్లీ మీదుగా డెహ్రాడూన్ రానుపోను – 2,000
4. డెహ్రాడూన్–సాంక్రీ వాహనం రానుపోను – 2,000
5. దారిలో భోజనాలు, రాత్రి బస – 2,000
6. బూట్లు – 3,000
7. చలి బట్టలు (జాకెట్ అద్దెకు, మిగతావి కొన్నవి) – 2,500
8. వైద్య పరీక్ష, మందులు – 600
9. బీమా – 500
10. గైడుకు, వంటవాళ్లకు ఇచ్చేది – 500
మొత్తం – 23,075
11. ఆపద నిధి, సుమారు 20 శాతం – 4,625
అంతా కలిపి – 27,700

గమనించారా? ప్రకటనలో కనిపించేది 9,500. అసలు ఖర్చు దానికి దాదాపు మూడు రెట్లు. పదకొండో పద్దును ఖర్చుగా భావించండి, మిగులుగా కాదు. దాన్ని వేరే కవరులో పెట్టండి. అది దిగడానికి, వైద్యానికి, జీపుకు మాత్రమే.

నెలకు 2,000 చొప్పున 14 నెలలు దాస్తే 28,000 అవుతుంది. నేను బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ కట్టాను. 1,000 మాత్రమే దాచగలిగితే 28 నెలలు పడుతుంది, తొందరేమీ లేదు. స్కాలర్‌షిప్ డబ్బు, పరీక్ష ఫీజు డబ్బు ముట్టకండి. లోన్ యాప్ జోలికి అసలు పోకండి. అప్పుతో ఎక్కినవాడికి దిగాలనిపించదు.

డబ్బు కట్టేముందు అడగవలసినవి

* రుసుములో ఏవి ఉన్నాయి, ఏవి లేవు? జీఎస్టీ కలిపారా? రాతపూర్వకంగా ఇస్తారా?
* ఒక గైడుకు ఎంతమంది? అతని శిక్షణ ఎక్కడ?
* ఆక్సిజన్ సిలిండర్, రక్తంలో ఆక్సిజన్ చూసే పరికరం వెంట ఉంటాయా?
* మధ్యలో ఒకరు దిగవలసి వస్తే తోడు ఎవరు, వాహనం ఖర్చు ఎవరిది?
* రద్దు చేసుకుంటే ఎంత తిరిగి ఇస్తారు?
* బీమా ఆ ఎత్తుకు వర్తిస్తుందా? చాలా పాలసీలకు ఎత్తు పరిమితి ఉంటుంది.

తక్కువ ఖర్చు దారులు

యూత్ హాస్టల్స్ అసోసియేషన్ సభ్యత్వం తీసుకుంటే వారి హిమాలయ ట్రెక్కులు అందుబాటు ధరలో ఉంటాయి. ఎన్.సి.సి.లో ఉన్న తమ్ముళ్లు ట్రెక్కింగ్, పర్వతారోహణ క్యాంపుల గురించి తమ ఆఫీసరును అడగాలి. ఆ అవకాశాన్ని మనవాళ్లు సరిగా వాడుకోవడం లేదు. దీన్ని వృత్తిగా తీసుకోవాలనుకునే వారికి డార్జిలింగ్ (1954), ఉత్తరకాశి (1965) సంస్థల్లో బేసిక్ కోర్సు ఉంది. సుమారు నాలుగు వారాలు.

శిక్షణకు మాత్రం పెద్దగా ఖర్చు లేదు. ఇంద్రకీలాద్రి మెట్లు ఉన్నాయి, గాంధీ కొండ ఉంది, ఆదివారం కొండపల్లి కోట ఉంది. మూడు నెలలు వీపున ఐదారు కిలోల బరువుతో ఎక్కండి. కొత్త బూట్లు ఇక్కడే తొడిగి అరగదీయండి. అయితే ఇక్కడి సాధన కాళ్లకే గానీ ఎత్తుకు కాదు. బలమైనవాడికి ఎత్తు జబ్బు రాదనుకోవద్దు.

చివరగా

మొన్న చలికాలం మళ్లీ వెళ్లాను. ఈసారి అదే చోట తల కొద్దిగా నొప్పి పెడితే వెంటనే గైడుకు చెప్పాను. జేబులో కవరు ఉంది కనుక చెప్పడానికి భయం వేయలేదు. నీళ్లు తాగించి, వేలికి పరికరం పెట్టి చూసి, రాత్రంతా గమనించి, తగ్గాకే పైకి తీసుకెళ్లాడు. సూర్యోదయానికి శిఖరం మీద ఉన్నాను. దిగమని ఉంటే దిగేవాణ్ణి, ఆ మాట నిజం.

తిరిగొచ్చాక కవరు అమ్మ చేతిలో పెట్టాను. జలుబు మందుకు 125 పోగా 4,500 ఉంది. అమ్మ లెక్కపెట్టి 3,000 తీసుకుని, మిగతాది నాకే ఇచ్చేసింది. "ఇది మళ్లీ కవర్లో పెట్టు, తమ్ముడికి పనికొస్తది" అంది.

తమ్ముళ్లారా, ఎవరైనా వెళ్లాలనుకుంటే నా పట్టిక మన హాస్టల్ లైబ్రరీలో ఉంచుతున్నాను. వచ్చి రాసుకోండి. మీ అంకెలు కూడా కింద రాయండి. తర్వాత వచ్చేవాళ్లకు దారి తెలుస్తుంది.