వజూ: నమాజుకు ముందు శుభ్రత

మసీదు ఆవరణలో నీటి తొట్టి చుట్టూ కూర్చుని ముఖం, కాళ్ళు చేతులు కడుక్కునేవారిని మీరు చూసే ఉంటారు. హైదరాబాదు మక్కా మసీదులోనూ అటువంటి తొట్టి ఉంది. దానిని ‘హౌజ్’ అంటారు. నమాజుకు ముందు ఇలా కడుక్కోవడమే ‘వజూ’. వజూ లేని నమాజు చెల్లదు.

వజూ చేసే క్రమం

మనసులో సంకల్పించుకుని, ‘బిస్మిల్లా’ అంటూ ప్రారంభిస్తారు. సాధారణంగా సున్నీలు పాటించే క్రమం ఇది:

1. చేతులను మణికట్టు వరకు కడగడం
2. నోరు పుక్కిలించడం, ముక్కు శుభ్రం చేసుకోవడం
3. ముఖం కడగడం
4. చేతులను మోచేతుల వరకు కడగడం
5. తడిచేతులతో తల తుడవడం
6. పాదాలను చీలమండల వరకు కడగడం

తలను ఒక్కసారే తుడుస్తారు. మిగిలినవి మూడేసి సార్లు చేస్తారు. కుడివైపు ముందు కడుగుతారు. నిద్రపోయినా, మలమూత్ర విసర్జన చేసినా వజూ మళ్ళీ చేయాలి.

నీరు లేకపోతే?

శుభ్రమైన మట్టిని అరచేతులతో తాకి, ముఖం, చేతులు తుడుచుకోవచ్చు. దీనిని ‘తయమ్ముమ్’ అంటారు. ఖురాన్ 5వ అధ్యాయం, 6వ వాక్యంలో వజూ, తయమ్ముమ్ రెండూ ఉన్నాయి. కాబట్టి నీరు తగలకూడని రోగికి, నీరు దొరకని ప్రయాణికునికి కూడా ప్రార్థన ఆగదు.

ప్రవక్త ఒక ‘ముద్’ నీటితో, అంటే లీటరుకు మించని నీటితో, వజూ చేసేవారని హదీసులు చెబుతున్నాయి. శుభ్రతతోపాటు పొదుపు కూడా ఇందులో ఉందని గమనించండి.

మీరే చేయండి: మీరు ముఖం, కాళ్ళు చేతులు కడుక్కోవడానికి ఎన్ని చెంబుల నీరు వాడుతున్నారు? కొలిచి రాయండి.