విమానము నడుప నేర్చుకొనుట

మలక్‌పేట మార్కెట్టుకు మిరప, ఉల్లి తెచ్చు రైతులకు ఆ వీధులు క్రొత్తవి కావు. అక్కడినుండి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వరకు గల వసతి గృహములలో నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతముల పిల్లలు పెక్కుమంది చదువుకొనుచున్నారు. వారిలో ఒకరిద్దరికి విమానము నడపవలెనను కోరిక పుట్టుట నేడు వింత కాదు. అట్టి కోరికతో ఇంటికి వచ్చిన బిడ్డకు తండ్రి ఏమని బదులు చెప్పవలెను? పొలమమ్మి పంపవలెనా, వారింపవలెనా?

ఈ విద్య మన నగరమునకు పాతదే. 1930 ప్రాంతములలో హైదరాబాదు ఏరో క్లబ్బు బేగంపేటలో విమానములను ఎగురవేసినది. అలహాబాదు క్లబ్బులో శిక్షణ పొందిన ప్రేమ్ మాథుర్ అను యువతిని ఎనిమిది కంపెనీలు త్రిప్పిపంపగా, 1947లో ఉద్యోగమిచ్చినది హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్. తరువాతి కాలమున ప్రభుత్వ విమానయాన అకాడమీ బేగంపేటలోనే నడచినది. ఎల్.బి.నగర్‌కు దక్షిణమున నాదర్‌గుల్ మైదానమునను శిక్షణ విమానములు ఎగిరినవి.

శిక్షణలో చేరినవాడు వెంటనే గాలిలోనికి పోడు. వాతావరణము, దిశానిర్ణయము, విమాన నిబంధనలు, యంత్ర పరిజ్ఞానము చదివి, ఒక్కొక్క పరీక్షలో నూటికి 70 మార్కులు తెచ్చుకొనవలెను. తెలుగు మాధ్యమమున చదివినవారికి వీనికంటె రేడియో సంభాషణయే ఎక్కువ భయము పుట్టించును. ఇంగ్లీషున వచ్చు ఆదేశమును అప్పటికప్పుడే తిరిగి చెప్పవలెను గదా! అయితే అందులో వాడు మాటలు స్వల్పము, అభ్యాసముతో పట్టుబడును.

ప్రతి ఉదయము మొదటి పని రెక్కల క్రింది మరనుండి కొంత పెట్రోలు గాజుపాత్రలోనికి తీసి చూచుట. నీరు కలిసియున్నచో అడుగున తేలికగా కనబడును. ఇంజను నూనెలో నీరు చేరి పంపు ఆగినచో రైతు దానిని విప్పి బాగుచేసికొనును. ఆకాశమున ఆ సావకాశము లేదు. సెస్నా 152 అను చిన్న విమానమున ఇద్దరే కూర్చుందురు, శిక్షకుడు ప్రక్కనే యుండును. దిగునపుడు క్రొత్తవాడు ముక్కు ముందరి నేలనే చూచును. రన్‌వే చివరకు చూడుమని శిక్షకుడు ఎన్నిమారులు చెప్పినను, చక్రములు నేలకు గట్టిగా తగులుట కొన్నాళ్ళు తప్పదు. వేసవి మధ్యాహ్నములలో వేడి గాలి పలుచబడి విమానము నెమ్మదిగా లేచును, పైన కుదుపులును ఎక్కువ. కనుక శిక్షణకు ఉదయమే మేలు.

ఒకనాడు శిక్షకుడు తలుపు తెరచి దిగిపోవును. "నీవే వెళ్ళి రమ్ము" అనును. ఒక మనిషి బరువు తగ్గినందున విమానము అనుకొన్నదానికంటె త్వరగా పైకి లేచును. ప్రక్క స్థానము ఖాళీగా నుండును. సుమారు వెయ్యి అడుగుల ఎత్తున ఒక చుట్టు తిరిగి దిగుటకు పట్టునది కొద్ది నిమిషములే. ఆ నిమిషములను మరచినవారు లేరు. దిగినవానిపై తోటివారు బకెట్లతో నీళ్ళు కుమ్మరించుట ఆచారము.

ఇక కష్టమైన సంగతి. వాణిజ్య లైసెన్సుకు 200 గంటలు ఎగురవలెను. అందు 100 గంటలు తానే బాధ్యుడై నడపవలెను. వానలు, విడిభాగముల కొరత, శిక్షకుల కొరత వచ్చినచో ఈ గంటలు సంవత్సరములుగా సాగును. పాతబస్తీలోని బేకరీ కార్మికుని కుమార్తె సయ్యద్ సల్వా ఫాతిమా 2007లో బేగంపేట అకాడమీలో చేరి, 2013లో లైసెన్సు పొందినది. ఆమె పట్టుదల మెచ్చదగినదే. కాని ఆరేండ్ల ఖర్చును, నిరీక్షణను భరించుటకు ప్రతి ఇంటికిని దాతలు దొరకరు.

ఖర్చు 40 లక్షల రూపాయలు దాటుట సామాన్యము. లైసెన్సు వచ్చిన పిమ్మట పెద్ద విమానపు శిక్షణకు మరల సొమ్ము కావలెను. ఉద్యోగము హామీ కాదు. కావున మొదట వైద్య పరీక్ష చేయించవలెను. రంగులను సరిగా గుర్తింపలేనివానికి ఈ వృత్తి దొరకుట దుర్లభము. కళ్ళద్దములు మాత్రము అడ్డు కావు. ఆ సంస్థకు కేంద్ర పౌర విమానయాన డైరెక్టరేటు అనుమతి కలదో లేదో చూడవలెను. 2025లో ఆ డైరెక్టరేటు శిక్షణాలయములకు శ్రేణులను కూడ ప్రకటించినది. రుసుమునంతయు ఒక్కమారుగా చెల్లింపరాదు. అన్నింటికంటె ముఖ్యముగా, అక్కడ చదువుచున్న విద్యార్థిని కలిసికొని, గడచిన నెలలో ఎన్ని గంటలు ఎగిరితివని అడిగి, వాని లాగ్‌బుక్కును కన్నులార చూడవలెను.