పీహెచ్‌డీ అంటే పదేళ్లా?

ప్రశ్న: ఎమ్మెస్సీ మ్యాథ్స్ చివరి ఏడాదిలో ఉన్నాను. యూనివర్సిటీలో ప్రొఫెసర్ కావాలని కోరిక. పీహెచ్‌డీ అంటే పదేళ్లు పోతాయని ఇంట్లో భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
- ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ మీద గురిపెట్టండి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000 ఇస్తారు. ఫెలోషిప్ గడువు ఐదేళ్లు. కాబట్టి ఇంటికి భారం కారు.

మ్యాథ్స్ పేపర్లో పార్ట్-సి కీలకం. ఈ భాగంలో నెగెటివ్ మార్కులు లేవు. కానీ సరైన ఆప్షన్లన్నీ గుర్తిస్తేనే 4.75 మార్కులు, ఒక్కటి వదిలినా సున్నా. బట్టీ పట్టినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ప్రతి సిద్ధాంతంలో ఒక షరతు తీసేసి చూడండి. [0, 1] మీద అవిచ్ఛిన్న ప్రమేయం పరిబద్ధమే. అదే (0, 1) అయితే? 1/x చేతికి అందదు. ఇలాంటి ఉదాహరణలకు ఓ నోటుబుక్ పెట్టుకోండి.

పీహెచ్‌డీ తర్వాత చాలామంది రెండు మూడేళ్లు పోస్ట్‌డాక్ చేస్తారు. ఆపై అసిస్టెంట్, అసోసియేట్, ప్రొఫెసర్... మెట్టు మెట్టుగా ఎక్కాలి. నియామక నోటిఫికేషన్లు ఆలస్యమవుతాయి, ఓపిక కావాలి. ఇక పీహెచ్‌డీలో చేరేటప్పుడు గైడ్ పేరు చూసి కాదు, ఆయన దగ్గర చేసిన విద్యార్థులతో మాట్లాడాకే చేరండి.