పక్కబల్ల చదువు

ఉద్యోగమున క్రొత్తగా చేరిన యువకుని ఒక గదిలో కూర్చుండబెట్టి, తెరపై అక్షరములు కదలించి, నియమావళి ప్రతి నొకదానిని చేతికిచ్చి, శిక్షణము పరిసమాప్తమైనదని ధ్రువపత్రము నొసగుట నేటి కార్యాలయముల ఆచారము. ఆ పత్రము బల్ల సొరుగున చేరిన పిదప గాని అసలు విద్య ఆరంభము కాదు. జీతాల బిల్లును ట్రెజరీవారు ఏ అభ్యంతరముతో త్రిప్పి పంపుదురో, ఏ కాగితము ముందుగా ఎవరి సంతకమునకు పోవలెనో, కోపముతో వచ్చిన అర్జీదారునితో మొదటి మాట ఏమని పలుకవలెనో తెలిసినవాడు పక్కబల్లవద్ద మౌనముగా కూర్చుండి యుండును. మనమో, ఆయనను విడిచి నియమావళి విషయసూచికను వెదకుచుందుము.

శిష్యుడు విద్యలో నాలవపాలు గురువువలనను, నాలవపాలు స్వబుద్ధిచేతను, నాలవపాలు సహాధ్యాయులవలనను, తక్కినది కాలక్రమమునను గ్రహించునని మన పూర్వులు ఏనాడో పంచిపెట్టిరి. ఆధునిక నిర్వహణశాస్త్రజ్ఞులు 70, 20, 10 అని వేరొక పంపకము చేసి, పనివలన అధికము, తోడివారివలన కొంత, తరగతిగదివలన స్వల్పము అబ్బునందురు. అంకెలు అంత గుండ్రముగా నుండుటయే నాకు సందేహము గొలుపును గాని, తరగతికి దక్కు పాలు చిన్నదనుటలో ఉభయులును ఏకీభవించిరి. జిరాక్సు యంత్రములను బాగుచేయువారి వెంట తిరిగిన జూలియన్ ఓర్ అను మానవశాస్త్రజ్ఞుడు, కంపెనీ ఇచ్చిన పుస్తకమునకు అందని రోగములను వారు ఫలాహారశాలలో ఒకరికొకరు చెప్పుకొను కథలవలన కుదుర్చుచుండిరని 1996లో వెలువడిన గ్రంథమున చూపెను. లైబీరియా దేశపు దర్జీలయొద్ద జీన్ లేవ్ అను మానవశాస్త్రజ్ఞురాలు గమనించిన క్రమము మరింత విచిత్రము: అచటి శిష్యుడు మొదట బొత్తాములు కుట్టి, అంచులు మడచి, పిదప కుట్టుపని నేర్చి, కట్టకడపట గాని కత్తెర పట్టడు.

ఇంత చెప్పుచున్న నేను స్వభావముచే అడుగలేనివాడను. తెలియదని చెప్పవలసివచ్చినప్పుడు నేటికిని నా గొంతు తగ్గును. పట్టా చేతనున్నవానికి ఈ జబ్బు మరింత ముదురును. దానికి విరుగుడుగా నేను పట్టుకొన్న అలవాటొకటి కలదు. తక్కిన ఉపదేశములన్నియు మరచినను దీనిని మాత్రము మరువకుము. పనిని మొదట నీకు చేతనైనంత నీవే చేయుము. పిదప తెలిసినవాని యొద్దకు పోయి, సమాధానము చెప్పుమనక, ఆయన అదే పని చేయునప్పుడు చెంత కూర్చుండుటకు అనుమతి వేడుము. పని ముగియువరకు నోరు మెదపకుము. ఆయన చేయి ఎచ్చట ఆగినదో గుర్తుంచుకొని, చివర ఒక్క ప్రశ్న మాత్రము వేయుము.

బిల్లు పరిశీలించు పెద్ద గుమాస్తా అంకెలపై పరుగెత్తుచు పోయి హఠాత్తుగా ఒక పేరువద్ద నిలుచును. "గురువుగారూ, ఇక్కడెందుకు ఆగారు?" అని అడిగినచో, "ఈయన మధ్యలో జీతం లేని సెలవు పెట్టాడయ్యా, ఇంక్రిమెంటు తేదీ మారుతుందేమో సర్వీసు రిజిస్టరు చూడాలి" అనును. సెలవులకును ఇంక్రిమెంట్లకును గల సంబంధము నియమములలో లేకపోలేదు. కాని ఆ పేరును చూడగనే ఆ నియమము స్ఫురించుట ఏ పుటయందును లేదు. ఏమి చేయుదురని అడిగినచో నిపుణుడు తడబడును, ఏలయన అభ్యాసవశమున తాను చేయునది తనకే కనబడదు. ఏల ఆగితిరని అడిగినచో మాత్రము తన వివేకమును తానే బయటపెట్టును. ఆ సాయంకాలమే దానిని నోటుపుస్తకమున వ్రాసికొనుము, నీకంటె చిన్నవానికి చెప్పుము. చెప్పునప్పుడు తెలియును నీకెంత తెలిసినదో!

ఇతర సాధనములను త్వరగా చెప్పెదను: పాత ఫైళ్లలోని నోట్లు చదువుట, వేరొక సెక్షనువారితో భోజనము చేయుట, తనిఖీకి పోవువారి వెంట పోవుట, నేర్పినవాని పేరును పదిమందిలో చెప్పుట. ఒక్క జాగ్రత్త వలయును. "ముందునుంచీ ఇలాగే చేస్తున్నాం" అనునది సమాధానము కాదు. పక్కబల్లవలన విద్యతోపాటు దోషమును సంక్రమించును గనుక, విన్నదానిని నియమముతో ఒకమారు సరిచూచుకొనవలెను.

చెవులలో తీగలు బిగించుకొని టీ త్రాగుచు, ఎవరును తమకేమియు నేర్పరని వాపోవు యువకులారా, నేర్పువాడు ఎదుటనే నిలిచి మాటలాడుచున్నాడు, ఆ తీగలు తీయుడు. తెలిసినదంతయు గుప్పిట మూసికొని, తాము లేనిదే సెక్షను నడువదని మురియు పెద్దలారా, మీ సెలవుదినములలో ఫోను మ్రోగుటకు మీరే కారకులు. అయినను నిరాశకు తావులేదు. అడుగ సిగ్గుపడు నావంటివాడే కొంత నేర్వగలిగినప్పుడు మీకు అసాధ్యమేమున్నది?

అధికారులకొక విన్నపము. ఉద్యోగవిరమణ చేయబోవు గుమాస్తాకు చివరినాడు శాలువ కప్పుట మంచిదే. అంతకు కొన్ని నెలల ముందుగానే ఆయన పక్కన ఒక క్రొత్తవానికి కుర్చీ వేయించుడు.