పోచంపల్లి యాత్ర: చూచువారును, చూపువారును

ఊళ్లు చూచుట విద్యలో నొక భాగమని పెద్దలందరును అంగీకరించినదే. అయితే మనము చూచి వచ్చిన యూరికి మన రాకవలన కలిగినదేమి యని విచారించువారు తక్కువ. కొండకోనలలోనో, మగ్గముల నడుమనో జీవించు పేదలు మన కన్నులకు వేడుకయై, మన సొమ్ము మాత్రము పట్టణపు బస్సులవారికిని హోటళ్లవారికిని చేరినచో, ఆ యూరివారికి మిగులునది ధూళి యొక్కటే. ఈ సంగతి విద్యార్థులకు బోధపడుటకై తెలంగాణములోని భూదాన పోచంపల్లిని ఉదాహరణముగా తీసికొందము.

ఈ గ్రామము యాదాద్రి భువనగిరి జిల్లాలో, హైదరాబాదునకు సుమారు ఏబది కిలోమీటర్ల దూరములో నున్నది. 1951వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీన వినోబా భావే కాలినడకన నిచ్చటికి వచ్చెను. శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము ముగించుకొని తెలంగాణపు పల్లెలు చూడ బయలుదేరిన యాత్ర యది. ఆయన దళితుల వాడకు పోయి మీకేమి కావలయునని యడిగెను. తమ కుటుంబములకు 80 యెకరముల భూమి కావలెనని వారు చెప్పిరి. ఆ మాట సభలో వినిపింపగా వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 యెకరము లిచ్చెదననెను. భూదానోద్యమమునకు నాంది యదియే; గ్రామనామమునకు ముందు ఆ శబ్దము చేరుటకు కారణమును అదియే. మేమీ వృత్తాంతమును తరగతిలో చెప్పునప్పుడు ఎకరముల లెక్కకంటె, ఆ బాటసారి యడిగిన ప్రశ్ననే యెక్కువగా నొక్కి చెప్పుచుందుము.

ఇప్పుడు యాత్రికులు పోవునది నేతపని చూచుటకు. బట్ట నేసిన పిమ్మట రంగు వేయుట కాదు, నూలునకే ముందుగా రంగు వేయుట యిచ్చటి విశేషము. ఆసుమీద పోగులను పోసి, చిత్రమునకు తగినట్లు గుర్తులు పెట్టి, రంగు తగులరాని చోట్ల రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచుదురు. రంగు మారినప్పుడెల్ల కట్లు విప్పి మరల కట్టవలసినదే. పిదప కండెలకు చుట్టి నేయునప్పుడు చుక్క చుక్కతో కలిసి చిలుకయో ఏనుగో రూపొందును. పడుగు పేకలు రెంటికిని ఇట్లు కట్టినచో పని యిబ్బడి యగును.

ఆసు పోయుట చాలవరకు స్త్రీల పని. ఒక చీరకు చేతిని ఇటునటు సుమారు 9,000 మారులు ఆడింపవలెను, నాలుగైదు గంటలు పట్టును, భుజములు పడిపోవును. తన తల్లి పడు ఈ బాధను చూడలేక, ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము 1999లో ఆసుయంత్రమును నిర్మించి, దానికి తల్లి పేరుమీదుగా లక్ష్మీ ఆసు అని పేరిడెను. ఆయన ఆరవ తరగతిలోనే బడి మానినవాడు. 2017లో పద్మశ్రీ పొందెను. యంత్రమనగానే చేతిపనికి చేటని తలంచువారు ఈ యంత్రమును చూడవలెను. ఇది తీసివేసినది నొప్పిని మాత్రమే, నేతను కాదు.

ఐక్యరాజ్యసమితికి చెందిన ప్రపంచ పర్యాటక సంస్థ 2021లో ఎంపిక చేసిన 44 ఉత్తమ పర్యాటక గ్రామములలో పోచంపల్లి యొకటి. గౌరవము గొప్పదే గాని, సొమ్ము సంగతి వేఱు. నేతగాండ్రలో ననేకులు సొంతముగా నూలు కొనలేరు. పెట్టుబడి పెట్టు షావుకారు వద్ద నూలు తెచ్చుకొని, చీరకింతయని కూలికి నేయుదురు. చీర అంగడిలో నెంతకు అమ్ముడుపోయినను ఆ కూలి ముందే నిర్ణయమైనది. కట్లు కట్టిన భార్య శ్రమయు, కండెలు చుట్టిన తల్లి శ్రమయు ఆ కూలిలోనే యిమిడియున్నవి. కావున పట్టణపు దుకాణములో మనమిచ్చు అధిక ధర మగ్గమువద్దకు చేరునని తలంపరాదు. సహకార సంఘమువద్దనో, తానే నూలు కొని తానే అమ్ముకొను నేతగాని యింటనో కొన్నచో వారికి చేరు పాలు హెచ్చు.

కూలి చీరనుబట్టి గనుక, మగ్గము ఆగిన గంటకు కూలి లేదు. నలువదిమంది పిల్లలు చుట్టును మూగినచో నేతగాడు మర్యాదకై పని నిలిపి అందఱికిని సమాధానములు చెప్పును. నష్టము మాత్రము అతనిది. పాఠశాలవారు ముందుగనే సంఘమువారితో మాటాడి, పిల్లలను చిన్న గుంపులుగా పంపి, చూపినవారి కాలమునకు వెల చెల్లించుట న్యాయము. దానిని దానమనరాదు, అది వేతనము. మగ్గమున్న చోటు వారి యిల్లు గనుక, అడుగక లోనికి పోవుటయు, పొయ్యి దగ్గరి స్త్రీని ఫొటో తీయుటయు తగదు. పిల్లలకు చిల్లర పంచుట దయవలె కనబడునేగాని, వారిని బడి మాన్పించి బస్సుల వెంట పరుగెత్తించును. పులిహోర మూటలు కట్టి పంపు తల్లులు మమ్ము మన్నింతురు గాక, ఆ పూట భోజనము ఆ యూరి పూటకూటి యింటనే కానిండు.

ఇక్కత్తు చిత్రములను అచ్చువేసిన మిల్లుబట్ట చౌకగా దొరకును. 1999 నాటి చట్టము ననుసరించి పోచంపల్లి ఇక్కత్తుకు భౌగోళిక సూచిక లభించియున్నను, కొనునప్పుడు చట్టము మన ప్రక్కన నిలిచి చెప్పదు. వస్త్రమును తిరుగవేసి చూడవలెను. అచ్చుబట్టకు వెనుక రంగు వెలవెలబోవును. నేసినదానికి రెండు ముఖములును ఒక్కటే. కట్టు క్రిందికి రంగు కొంచెము దిగుటవలనను, పోగులు నేతలో వెండ్రుకవాసి జరుగుటవలనను చిత్రపు అంచులు ఇంచుక చెదరినట్లుండును. దానిని దోషమని యెంచి ధర తగ్గింపుమని బేరమాడువారును గలరు.